ఒక మాటపై మరో మాట: ఇ-పాఠాలలో ఆడియో చిక్కు

కంప్యూటరు తెర మీదనో ఫోను మీదనో నడిచే పాఠాన్ని విద్యార్థి చూస్తూ వింటూ ఊరుకోక, కావలసిన బొమ్మను తాకి వివరణ వింటూ, ప్రశ్నకు జవాబు గుర్తించి అది తప్పో ఒప్పో అప్పటికప్పుడు తెలుసుకుంటూ, తనకు అనువైన వేగంతో ముందుకు వెనక్కు కదలగలిగినప్పుడు దానిని ఇంటరాక్టివ్ ఇ-లెర్నింగ్ పాఠం అంటారు. ఇటువంటి పాఠాలను తయారుచేసేవారికీ తరగతిలో వాడే ఉపాధ్యాయులకూ తరచుగా ఎదురయ్యే లోపం ఒకటి ఉంది. ఒక వ్యాఖ్యానం ముగియకముందే మరొకటి మొదలై, రెండూ ఒకదాని మీద ఒకటి పడి, ఏదీ చెవికెక్కకుండా పోవడమే ఆ లోపం. మానవ హృదయం గురించిన పాఠాన్ని తీసుకుంటే, బొమ్మలోని కుడి కర్ణికను తాకిన విద్యార్థి ఆ వివరణ సగంలో ఉండగానే ఎడమ జఠరికను తాకినప్పుడు మొదటి గొంతు ఆగి రెండవది మొదలుకావాలి. అలా కాక రెండూ కలిసి వినిపిస్తే, చెడురక్తం గురించి చెప్పిన మాట మంచిరక్తానికి అతుక్కుని, పాఠం నేర్పవలసిన తేడాను పాఠమే చెరిపేస్తుంది.

ఈ లోపం కనిపించగానే చాలామంది రికార్డింగును అనుమానించి ఫైలును తిరిగి కత్తిరించడమో, స్థాయి తగ్గించడమో, మళ్లీ రికార్డు చేయించడమో చేస్తారు. అది వృథా శ్రమ, ఎందుకంటే లోపం ధ్వనిలో కాక దాన్ని మొదలుపెట్టే, ఆపే ఏర్పాటులో ఉంటుంది. పాఠంలోని ప్రతి బొమ్మకూ ప్రతి బటనుకూ ధ్వనిని మొదలుపెట్టే అధికారం ఇచ్చి, ఆపే బాధ్యతను ఎవరికీ అప్పగించకపోవడం వల్లనే గొంతులు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి.

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉంటే కన్ను ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని వదిలేయగలదు గాని చెవికి ఆ వెసులుబాటు తక్కువ. ఇంగ్లండుకు చెందిన కాలిన్ చెర్రీ 1953లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒకే గొంతుతో చదివిన రెండు సందేశాలను కలిపి వినిపించినప్పుడు శ్రోతలు వాటిని విడదీయడానికి ఎంతో కష్టపడ్డారు. ఒక్కొక్క చెవికి ఒక్కొక్క సందేశం వినిపించినప్పుడు మాత్రం ఒకదాన్ని తేలికగా అనుసరించగలిగారు, అయితే రెండో చెవిలో పడిన సందేశంలోని విషయం వారికి దాదాపుగా గుర్తులేదు. ఇ-పాఠంలో సాధారణంగా వ్యాఖ్యాత ఒక్కరే, స్పీకరూ ఒక్కటే, గొంతూ స్థాయీ మారవు. అంటే చెర్రీ పరిశీలించిన వాటిలో అత్యంత కష్టమైన పరిస్థితినే ఈ లోపం విద్యార్థి ముందుంచుతున్నది. వ్యాఖ్యానాల సంగతి అటుంచి, వెనుక వినిపించే సంగీతం కూడా హాని చేయగలదని మొరేనో, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో చూపించారు. మెరుపు ఎలా పుడుతుందో వివరించే పాఠానికీ, వాహనాల బ్రేకు పనితీరును వివరించే పాఠానికీ సంగీతం జోడించి చూస్తే, సంగీతం విన్నవారికి పాఠం తక్కువగా గుర్తున్నది.

ఈ సమస్య కొత్తది కాదు. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరుతో ఇ-పాఠాలు తయారుచేసిన కాలంలోనే దీనికి ఒక స్పష్టమైన రూపం ఉండేది. ఫ్లాష్‌లో ధ్వనిని టైమ్‌లైన్‌కు, అంటే పాఠంలో ఏది ఎప్పుడు కనిపించాలో వినిపించాలో నిర్దేశించే కాలరేఖకు, జోడించేటప్పుడు రెండు ముఖ్యమైన పద్ధతులుండేవి. స్ట్రీమ్ అనే పద్ధతిలో ధ్వని కాలరేఖతో పాటే నడిచి, అది ఆగితే తానూ ఆగేది. ఈవెంట్ అనే పద్ధతిలో మాత్రం ధ్వని వత్తి అంటించిన టపాసు వంటిది. ఒకసారి మొదలయ్యాక కాలరేఖ ఆగినా, విద్యార్థి మరో దృశ్యానికి వెళ్లినా, తన నిడివి పూర్తయ్యేదాకా మోగుతూనే ఉండేది, విద్యార్థి అదే చోటికి తిరిగి వస్తే పాతది మోగుతుండగానే అదే ధ్వని మరో ప్రతి మొదలయ్యేది. స్టార్ట్ అనే మూడో పద్ధతి, అదే ధ్వని అప్పటికే మోగుతుంటే కొత్త ప్రతిని మొదలుపెట్టకుండా అడ్డుకునేది. చాలామంది తయారీదారులు ఈ తేడాలను పట్టించుకోక, ప్రతి బటను వెనుక అన్ని ధ్వనులనూ ఒక్కసారిగా ఆపేసే ఆదేశాన్ని రాసి ఊరట పొందేవారు. మొరటు పద్ధతే గాని పనిచేసేది.

అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు స్వస్తి చెప్పి, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరులో ఆ పాఠాలు నడవకుండా అడ్డుకున్నది. వాటిని బ్రౌజరు నేరుగా అర్థం చేసుకునే హెచ్‌టీఎంఎల్5 రూపంలోకి మార్చవలసి వచ్చినప్పుడు, అన్నిటినీ ఒకేసారి ఆపే ఆ ఆదేశానికి సమానమైనది అక్కడ లేకపోయింది. హెచ్‌టీఎంఎల్5లో ప్రతి ఆడియో ఒక స్వతంత్ర వస్తువు, పక్కన మరొకటి మోగుతున్నదో లేదో దానికి తెలియదు, బ్రౌజరు కూడా ఆ రెండింటి మధ్య మధ్యవర్తిగా రాదు. ఇంకా విచిత్రం, ఆ వస్తువుకు ప్లే, పాజ్ అనే ఆదేశాలున్నాయి గాని స్టాప్ అనే ఆదేశమే లేదు. ఆపాలంటే పాజ్ చేసి, ధ్వని ఎంతవరకు నడిచిందో చెప్పే విలువను సున్నాకు తేవాలి. రెండో మెట్టును మరచిన పాఠంలో విద్యార్థి తిరిగి వచ్చినప్పుడు వ్యాఖ్యానం వాక్యం మధ్యలోంచి ఎత్తుకుంటుంది. బటను నొక్కిన ప్రతిసారీ కొత్త ఆడియో వస్తువును పుట్టించే కోడు మరింత ప్రమాదకరం, ఎందుకంటే పాత వస్తువు పేరును ఎవరూ గుర్తుంచుకోకపోయినా అది మోగుతున్నంతకాలం బ్రౌజరు దాన్ని తొలగించదు. దాన్ని ఆపుదామన్నా ఏ పేరుతో పిలవాలో కోడుకు తెలియదు.

కోడు రాయకుండానే పాఠాలు కూర్చే సాధనాలలో ఈ లోపం మరో వేషంలో వస్తుంది. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్‌లో ఒక్కొక్క స్లైడుకు అడుగున ఒక బేస్ లేయరు, అంటే మూలపొర, దాని మీద కావలసినన్ని ఉపపొరలు ఉంటాయి, ప్రతి పొరకూ సొంత కాలరేఖ ఉంటుంది. హృదయం పాఠంలో పరిచయ వ్యాఖ్యానం మూలపొరలోనూ, ఒక్కొక్క గది వివరణ ఒక్కొక్క ఉపపొరలోనూ ఉన్నాయనుకుంటే, ఉపపొర తెరుచుకున్నప్పుడు మూలపొర కాలరేఖ దానంతట అది ఆగుతుందని భావించడం సహజం. నిజానికి ఉపపొర లక్షణాలలో మూలపొర కాలరేఖను నిలిపే ఎంపిక ఒకటి విడిగా ఉంటుంది; దానికి టిక్కు పెట్టకపోతే పరిచయమూ గది వివరణా కలిసే నడుస్తాయి. మిగతా ఉపపొరలను దాచే ఎంపిక మరొకటి, దాన్ని తీసేస్తే రెండు గదుల వివరణలు కలిసిపోతాయి. ఇక మూలపొరను నిలిపినందువల్ల మరో సంగతి ఎదురవుతుంది. ఉపపొర మూసుకోగానే పరిచయం ఆగిన చోటినుంచి మళ్లీ మొదలవుతుంది, నాలుగు గదులూ విన్న విద్యార్థికి అది అక్కరలేని మాట. సాధనం దృష్టిలో ఇది లోపం కాదు, తయారీదారు చెప్పినట్టే జరిగింది. తేల్చవలసింది బోధన దృష్టితో, ఆ పరిచయం ఇక అవసరమా కాదా అని.

ఇటువంటిదే మరో సాధనమైన అడోబీ కాప్టివేట్ పాత కూర్పులలో ధ్వని మూడు అంతస్తులలో ఉంటుంది. ప్రాజెక్టు అంతటా వినిపించే నేపథ్య ధ్వని ఒకటి, స్లైడుకు అతికించినది ఒకటి, తెర మీది వస్తువుకు అతికించినది మరొకటి. ఇవి కాక బటను నొక్కినప్పుడు ఆదేశం ద్వారా మొదలయ్యే ధ్వని వేరే. ఆదేశంతో మొదలైన ధ్వనిని ఆపడానికి స్టాప్ ట్రిగ్గర్డ్ ఆడియో అనే ఆదేశం ఉంది, అయితే అది అలా మొదలైన ధ్వనిని మాత్రమే ఆపుతుంది, స్లైడుకూ వస్తువుకూ అతికించిన ధ్వని జోలికి పోదు. ఆపే ఆదేశం పెట్టినా ఆగడం లేదని తయారీదారులు తలపట్టుకునే సందర్భాలలో అసలు సంగతి తరచుగా ఇదే. ఏ ధ్వని ఏ అంతస్తులో ఉన్నదో కాగితం మీద రాసుకుంటే పావుగంటలో తేలే విషయానికి రోజంతా పోగొట్టుకోవడం ఈ రంగంలో అరుదు కాదు.

కారణాన్ని వెతికే పనిలో అన్నిటికన్నా మంచి పరికరం చెవి. వినిపిస్తున్న రెండు ధ్వనులు ఒకే వాక్యమా, వేర్వేరు వాక్యాలా అన్నది ముందు గమనించాలి. ఒకే వాక్యం కొద్ది తేడాతో రెండుసార్లు, ప్రతిధ్వనిలా వినిపిస్తే ఒకే ధ్వనిని రెండు చోట్ల నుంచి మొదలుపెట్టినట్టు; ఒకే బటనుకు ఒకే ఆదేశాన్ని రెండుసార్లు తగిలించి ఉండవచ్చు, లేదా పాఠాన్ని నడిపే ఎల్‌ఎంఎస్, అంటే విద్యార్థుల హాజరునూ మార్కులనూ నమోదు చేసే వేదిక, అదే పాఠాన్ని ఒక ట్యాబులో తెరిచి ఉండగానే మరో కిటికీలో తెరిచి ఉండవచ్చు. రెండో అనుమానాన్ని తీర్చుకోవడానికి బ్రౌజరులో ఏయే ట్యాబుల మీద చిన్న స్పీకరు గుర్తు కనిపిస్తున్నదో చూస్తే చాలు. వినిపిస్తున్నవి వేర్వేరు వాక్యాలైతే, రెండోది విద్యార్థి ఏదో నొక్కినందువల్ల వచ్చిందా, ఏమీ నొక్కకుండానే వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. నొక్కినందువల్ల వస్తే పాతదాన్ని ఆపే ఏర్పాటు లేదన్నమాట. నొక్కకుండానే వస్తే కాలరేఖ మీద రెండు ధ్వనులు ఒకదాని హద్దులోకి ఒకటి చొరబడ్డాయన్నమాట. స్లైడు మారిన తరువాత కూడా పాత స్లైడు గొంతు వెంటబడుతుంటే, ఆ ధ్వని స్లైడుకు చెందక ఎక్కడో పైన, మొత్తం పాఠానికి చెందిన చోట ఉన్నదని గ్రహించాలి.

కాలరేఖ మీద చొరబాటు అనువాద పాఠాలలో ప్రత్యేకంగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో తయారైన పాఠాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు బొమ్మలూ కదలికలూ యథాతథంగా ఉంచి వ్యాఖ్యానం ఒక్కటే మార్చడం ఖర్చు తగ్గించే పద్ధతి. మూలంలో మొదటి వ్యాఖ్యానం 12 సెకన్లు నడిచి, రెండవది 13వ సెకనులో మొదలయ్యేలా అమర్చి ఉండగా, తెలుగు వ్యాఖ్యానం 16 సెకన్లు పడితే, చివరి మూడు సెకన్లలో రెండు గొంతులూ కలుస్తాయి. అప్పుడు వ్యాఖ్యాతను వేగంగా చదవమనడం రివాజుగా మారింది. అది విద్యార్థికి అన్యాయం. రెండో వ్యాఖ్యానాన్ని గడియారానికి కట్టకుండా, మొదటిది ముగిసిందని బ్రౌజరు ఇచ్చే సంకేతానికి కడితే ఏ భాషలోనైనా పాఠం తన నిడివిని తానే సర్దుకుంటుంది. 2017 సెప్టెంబరులో మొదలైన దీక్షా వేదిక ద్వారా పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడులకు అనుసంధానించిన పాఠాలు దేశంలోని అనేక భాషలలో అందుతున్నాయి గనుక, ఒకే చట్రంలో అనేక భాషల గొంతులను ఇమిడ్చే తయారీదారులకు ఈ పద్ధతి తప్పనిసరి.

కోడు రాసే పాఠాలలో పరిష్కారానికి సూత్రం ఒకటే. ఏ బటనూ నేరుగా ధ్వనిని మొదలుపెట్టకూడదు. ప్రతి బటనూ తన కోరికను ఒకే ఒక్క నియంత్రికకు చెప్పాలి, అది ప్రస్తుతం మోగుతున్న ధ్వని ఏదో ఎల్లప్పుడూ గుర్తుంచుకుని, కొత్త కోరిక రాగానే పాతదాన్ని నిలిపి, సున్నాకు తెచ్చి, ఆ తరువాతే కొత్తదాన్ని మొదలుపెట్టాలి. ఇప్పటికే తయారై ఉన్న పెద్ద పాఠాన్ని ఇలా తిరగరాయడం కుదరనప్పుడు, పేజీలో ఏ ఆడియో మొదలైనా తెలుసుకుని మిగతావాటిని నిలిపే కావలివాణ్ణి పెట్టవచ్చు. అయితే ఆడియో మొదలైందన్న సంకేతం, బటను నొక్కిన సంకేతంలా లోపలి నుంచి బయటికి పాకదు. కాబట్టి దాన్ని పేజీ స్థాయిలో పట్టుకోవాలంటే, సంకేతం బయటి నుంచి లోపలికి దిగే దశలోనే, అంటే క్యాప్చర్ దశలోనే, వినాలి. ఈ చిన్న విషయం తెలియక కావలివాడు పనిచేయడం లేదని వదిలేసినవారు ఎందరో. పేజీలో చేర్చకుండా కోడులోనే పుట్టించిన ఆడియోలు మాత్రం ఈ కావలికి చిక్కవు.

ఇంతచేసినా, తీరిగ్గా నొక్కితే బాగా నడిచే పాఠం వేగంగా నొక్కితే తడబడవచ్చు. ధ్వనిఫైలును ముందుగా నెట్టు నుంచి తెచ్చి, విప్పి, ఆ తరువాత వినిపించే పద్ధతిలో, తెచ్చే పనికి పట్టే సమయం నెట్టు వేగాన్ని బట్టి మారుతుంది. విద్యార్థి మొదటి బటను నొక్కి, అది రాకముందే రెండోది నొక్కాడనుకుంటే, ఆపడానికి అప్పటికి ఏ ధ్వనీ మోగడం లేదు. తరువాత రెండూ వచ్చి రెండూ మోగుతాయి. కార్యాలయంలోని వేగవంతమైన నెట్టు మీద ఈ లోపం ఎంత వెతికినా దొరకదు, పల్లె పాఠశాలలో మొదటి రోజే బయటపడుతుంది. ప్రతి కోరికకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి, ఫైలు చేతికి అందాక ఆ సంఖ్య ఇప్పటికీ తాజాదేనా అని చూసి, కాకపోతే వినిపించకుండా వదిలేయడం దీనికి మందు.

బ్రౌజర్ల నియమాలు కూడా ఒక వింత కలయికకు కారణమవుతాయి. వినియోగదారు పేజీని తాకకముందు శబ్దం దానంతట అది మొదలుకాకూడదన్న నియమాన్ని క్రోమ్ బ్రౌజరు 2018లో అమలులోకి తెచ్చింది. ధ్వనిని సూక్ష్మంగా నియంత్రించడానికి వాడే వెబ్ ఆడియో అనే ఏర్పాటులో, ఇలా అడ్డుకున్నప్పుడు ధ్వనుల గడియారమే ఆగిపోతుంది గాని అప్పటికే ఇచ్చిన ఆదేశాలు రద్దుకావు. స్వాగతవాక్యం, శీర్షిక సంగీతం, మొదటి సూచన వంటివి వరుసగా ఆదేశించబడి, గడియారం ఆగి ఉండటం వల్ల ఎదురుచూస్తూ ఉంటే, విద్యార్థి తెరను తాకి గడియారం కదలగానే అన్నీ ఒక్కపెట్టున మొదలవుతాయి. పాఠం మొదట్లో ఒక స్పష్టమైన ప్రారంభ బటను ఉంచి, దాన్ని నొక్కేదాకా ఏ ధ్వనికీ ఆదేశం ఇవ్వకపోవడమే సరైన మార్గం. వ్యాఖ్యానం వస్తున్నప్పుడు సంగీతం స్థాయిని కోడు ద్వారా తగ్గించే పాఠాలు ఐఫోనులోనూ ఐప్యాడులోనూ వేరుగా ప్రవర్తిస్తాయి, ఎందుకంటే అక్కడ మామూలు ఆడియో స్థాయిని పేజీ మార్చలేదు, అది వినియోగదారు చేతిలోనే ఉంటుంది. కంప్యూటరులో సన్నగా వినిపించిన సంగీతం ఐప్యాడులో మాటను ముంచేస్తుంది.

చూపు లేని విద్యార్థుల విషయంలో ఈ లోపం ఇబ్బందిగా మిగలదు, పాఠానికి తలుపు మూయడమే అవుతుంది. వారు తెరను స్క్రీన్ రీడరు ద్వారా, అంటే తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ద్వారా తెలుసుకుంటారు. స్లైడు తెరుచుకోగానే వ్యాఖ్యానం దానంతట అది మొదలైతే, స్క్రీన్ రీడరు గొంతూ వ్యాఖ్యాత గొంతూ కలిసి, ఆపే బటను ఎక్కడుందో వినడానికి కూడా వీలుండదు. తయారీదారు తన పాఠంలో ఒకే గొంతు ఉందని నిశ్చింతగా ఉండగా రెండో గొంతు విద్యార్థి పరికరంలోంచి వస్తుంది. వెబ్ అందుబాటు ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీలో కనీస స్థాయి నియమాలలోనే, దానంతట అది మొదలై 3 సెకన్లకు మించి నడిచే ధ్వనిని ఆపడానికో, పరికరం స్థాయితో సంబంధం లేకుండా తగ్గించడానికో మార్గం ఉండాలని ఉంది. అవే ప్రమాణాలలోని అత్యున్నత స్థాయి నియమం ప్రకారం నేపథ్య ధ్వని మాటకన్నా కనీసం 20 డెసిబెళ్లు తక్కువగా ఉండాలి, అంటే చెవికి సుమారు నాలుగో వంతుగా తోచాలి. కోరి కలిపిన ధ్వనులకు ఇది మంచి కొలమానం.

ఈ చిక్కులన్నీ తప్పించుకోవడానికి కొందరు ఎంచుకునే దగ్గరిదారి, వ్యాఖ్యానం ముగిసేదాకా బటన్లన్నిటినీ పనిచేయకుండా బిగించేయడం. గొంతులు కలవవు, నిజమే. అయితే తెలిసిన విషయాన్ని దాటలేక, తప్పు బటను నొక్కినా వెనక్కు రాలేక, రెండోసారి చదువుకోవడానికి వచ్చినప్పుడు కూడా ప్రతి పలుకూ వినక తప్పక విద్యార్థి విసిగిపోతాడు, పాఠం ఇంటరాక్టివ్ అన్న పేరుకు అర్హత పోగొట్టుకుంటుంది. ప్రయోగశాలలో జాగ్రత్తల వంటి ఒకటి రెండు చోట్ల ఇది సమర్థనీయం కావచ్చు, అంతకుమించి ఇది పరిష్కారం కాదు.

పాఠాన్ని విడుదల చేసేముందు పరీక్షించేవారు మర్యాదగా, వరుసక్రమంలో నొక్కినంతకాలం ఈ లోపాలలో సగం దాగే ఉంటాయి. ఒకే బటనును వెంటవెంటనే నొక్కడం, వ్యాఖ్యానం మధ్యలో స్లైడు మార్చి తిరిగి రావడం, ట్యాబు మార్చడం, ఫోనుకు కాల్ వచ్చినప్పుడు ఏమవుతుందో చూడటం, నెట్టు వేగం తగ్గించి ప్రయత్నించడం, స్క్రీన్ రీడరు నడుపుతూ మొదటి స్లైడు తెరవడం వంటివి తప్పక చేయవలసిన పరీక్షలు. సాధనంలోని ప్రివ్యూలో కాక, విద్యార్థులు వాడే వేదిక మీదనే, వారి చేతుల్లో ఉండే రకం ఫోనులోనే చేయాలి. ఉపాధ్యాయులు కూడా ఇటువంటి లోపాన్ని గమనించినప్పుడు ఆడియో సరిగా లేదని ఒక్క ముక్కలో రాసి ఊరుకోకుండా, ఏ స్లైడులో దేని తరువాత ఏది నొక్కితే జరిగిందో, వినిపించినవి ఒకే వాక్యమా వేర్వేరు వాక్యాలా, పరికరం, బ్రౌజరు ఏవో రాసి పంపితే, తయారీదారులు చాలా సందర్భాలలో అదే రోజు దాన్ని సరిచేయగలుగుతారు.